ఓడిపోతామని తెలిసీ సొంత పార్టీ నాయకుడి మీదే ఎందుకు పోటీకి దిగుతారు?

అమెరికాలో ప్రైమరీల సీజన్ మొదలైతే విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో కూడా ఆ కబుర్లు తప్పవు. ఏ అపార్ట్‌మెంట్ చూసినా రెండు మూడు ఫ్లాట్లవాళ్ళ పిల్లలు అక్కడే ఉన్నారు, కొందరికి ఓటు కూడా వచ్చేసింది. బ్రాడీపేటలో ఉండే మా పెదనాన్న ఈమధ్య వీడియో కాల్లో మనవణ్ణి అడిగిన ప్రశ్న ఇది: "గెలవడని మీ టీవీలవాళ్ళే చెప్తున్నారు, ఆయనకీ తెలుసు. మరి సొంత పార్టీవాడి మీదే పోటీకి దిగి ఉన్న డబ్బు తగలేసుకోవడానికి ఆయనకేం పోయేకాలంరా?" మనవడు ప్రజాస్వామ్యం అంటూ ఏదో చెప్పబోయాడు, ఇంతలో సిగ్నల్ కట్టయింది. లేదా కట్టయినట్టు నటించాడు.

పెదనాన్న ప్రశ్న మాత్రం గట్టిదే. పైగా ఇలా దిగేవాళ్ళలో చాలామంది ఆవేశపరులేం కాదు. ఆచితూచి మాట్లాడేవాళ్ళు, రెండో పక్షంతో కూర్చుని మాట్లాడదాం అనేవాళ్ళు, అంటే మితవాదులు. అలాంటి మనిషే చివరికి ఎవరూ చెయ్యని సాహసం ఎందుకు చేస్తాడు అన్నది చూడాలంటే ముందు కొన్ని ప్రాథమిక విషయాలు తేల్చుకోవాలి.

ప్రైమరీ అంటే ఏంటి, మన బీ ఫారంకి దానికి తేడా ఏంటి

మన దగ్గర టికెట్ ఇచ్చేది పార్టీ అధిష్ఠానం. అభ్యర్థి చేతిలో బీ ఫారం ఉంటే పార్టీ గుర్తు వస్తుంది, లేకపోతే రెబల్‌గా, ఇండిపెండెంట్‌గా ఇంకో గుర్తు మీద నిలబడాలి. అమెరికాలో ఆ నిర్ణయం ఎక్కువగా ఓటర్లది. అసలు ఎన్నికకి ముందు పార్టీ లోపల ఇంకో ఎన్నిక జరుగుతుంది, దాన్నే ప్రైమరీ అంటారు. పార్టీ తరఫున పోటీ చెయ్యాలనుకునే వాళ్ళంతా అందులో నిలబడవచ్చు. ఇప్పుడు పదవిలో ఉన్న ఎంపీ కావచ్చు, రాష్ట్రంలో ఎన్నికై పాలించే గవర్నర్ కావచ్చు, అధ్యక్షుడే కావచ్చు, మళ్ళీ పార్టీ అభ్యర్థి కావాలంటే ఆయన కూడా దాన్ని దాటి రావాల్సిందే. ఆయన మీద సొంత పార్టీ మనిషే నిలబడితే అది పార్టీ ద్రోహం కిందకి రాదు. నాయకులకి ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి, కానీ చట్టప్రకారం అది మామూలు హక్కు.

మన రెబల్ పరిస్థితి మీకు తెలిసిందే. నామినేషన్ల ఉపసంహరణకి ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటి దాకా గడువు. పొద్దున్నుంచీ ఇంటి ముందు ఇన్నోవాలు ఆగుతుంటాయి, లోపల గదిలో బుజ్జగింపులు నడుస్తుంటాయి, పెద్దాయన లైన్లో ఉన్నారంటూ ఎవరో ఫోన్ తెచ్చి చేతిలో పెడతారు. కార్పొరేషన్ చైర్మన్ ఇస్తాం అంటారు, వచ్చేసారి ఎమ్మెల్సీ నీదే అంటారు. రెండున్నరకల్లా ఆయన బయటికొచ్చి టీవీ మైకుల ముందు కళ్ళు తుడుచుకుని, కార్యకర్తల మనోభావాలను గౌరవించి పార్టీ గెలుపు కోసం పనిచేస్తానని చెప్తాడు. ఆయన వెనక నిజంగా ఎంతమంది ఉన్నారో ఇక ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే లెక్కపెట్టకముందే కథ ముగిసింది. ఈ లెక్క మాట గుర్తుంచుకోండి, ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పార్టీలో మెజారిటీ ఉన్నా మితవాది ఎందుకు ఓడిపోతాడు

ఒక నియోజకవర్గం ఊహించుకుందాం. అంకెలు నేను కల్పించినవే, లెక్క అర్థం కావడానికి. అసలు ఎన్నికలో 2,00,000 మంది ఓటేస్తారు. అందులో మన కథలో పార్టీ వైపు 90,000, ఎదుటి పార్టీ వైపు 80,000, ఎటూ కానివాళ్ళు 30,000. మన పార్టీ 90,000లో నాయకుడి వీరాభిమానులు 40,000, కాస్త మెతకగా ఉండేవాళ్ళు 50,000. అంటే పార్టీలో కూడా మితవాదులదే మెజారిటీ.

ఇప్పుడు ప్రైమరీ పెట్టారు. దానికి అందరూ రారు. వీరాభిమానుల్లో 17,000 మంది వచ్చారు, మెతకవాళ్ళలో 8,000 మంది వచ్చారు. ఫలితం 68 శాతం, 32 శాతం. మర్నాడు పేపర్లో "చిత్తుగా ఓడిన అసమ్మతి అభ్యర్థి" అని పడుతుంది. నిజానికి ఇదే మనిషి అసలు ఎన్నికలో నిలబడితే ఆ ఎటూ కాని 30,000లో ఎక్కువమందిని లాగి ఉండేవాడేమో, కానీ అక్కడిదాకా రావడానికే దారి లేదు.

మితవాద రాజకీయానికి పుట్టుకతో ఉన్న జబ్బు ఇదే అనిపిస్తుంది నాకు. "రెండు వైపులా కొంత నిజం ఉంది" అనే నినాదానికి ఎవడూ ఎండలో క్యూ కట్టడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ప్రైమరీలో ఎవరు ఓటెయ్యవచ్చు అనేది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల పార్టీ పేరుతో నమోదైనవాళ్ళకే ఓటు. న్యూ హాంప్‌షైర్ లాంటి చోట ఏ పార్టీకీ నమోదు కాని ఓటరు కూడా ఆ రోజు ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటెయ్యవచ్చు, అసమ్మతివాదులంతా ముందు ఆ రాష్ట్రానికి పరుగెత్తడానికి అది కూడా ఒక కారణం. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఎంపీ ఎన్నికలకి పార్టీలవారీ ప్రైమరీనే లేదు. అన్ని పార్టీలవాళ్ళూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు అసలు ఎన్నికకి వెళ్తారు.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో చూడండి. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకి అనుకూలంగా ఓటేసిన రిపబ్లికన్ ఎంపీలు 10 మంది. తర్వాతి ఏడాది వాళ్ళలో నలుగురు పోటీ నుంచే తప్పుకున్నారు. నలుగురు ప్రైమరీలోనే ఓడిపోయారు, వయోమింగ్‌లో లిజ్ చెనీ సహా. మళ్ళీ సభకి వచ్చింది ఇద్దరే, కాలిఫోర్నియా నుంచి డేవిడ్ వలడావో, వాషింగ్టన్ నుంచి డాన్ న్యూహౌస్. ఇద్దరూ ఆ ఉమ్మడి బ్యాలెట్ ఉన్న రాష్ట్రాలవాళ్ళే. వీళ్ళు తిరగబడి పోటీ చేసినవాళ్ళు కాదు, తమ సీటు కాపాడుకున్నవాళ్ళు, అయినా విషయం అర్థమవుతుంది: మనిషి ధైర్యం కన్నా ఎన్నిక నిబంధన ఎక్కువ పని చేసింది.

గెలుపు కోసం కాకపోతే దేనికోసం: 33 ఓట్ల కథ

ఇక అసలు ప్రశ్న. గెలవడని తెలుసు కదా, మరి ఎందుకు? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా శుభ్రమైన ఉదాహరణ అమెరికాది కాదు, బ్రిటన్‌ది.

1989 డిసెంబరు. మార్గరెట్ థాచర్ ప్రధానిగా పదేళ్ళు దాటింది, మూడు ఎన్నికలు వరసగా గెలిపించింది. పార్టీలో లోపల్లోపల గొణుగుడు ఉంది కానీ పైకి మాట్లాడేవాడు లేడు. అప్పట్లో కన్జర్వేటివ్ పార్టీ నాయకత్వానికి ఏటా పోటీ పెట్టుకునే వీలుండేది, ఓటర్లు ఆ పార్టీ ఎంపీలే, ఓటు రహస్యం. ఆంథొనీ మేయర్ అనే 69 ఏళ్ళ ఎంపీ నిలబడ్డాడు. ఎప్పుడూ మంత్రి కాడు, పెద్దగా పేరున్నవాడూ కాదు, ఐరోపాతో కలిసి నడవాలనే మెతక వర్గం మనిషి. పత్రికలు బాగా ఎగతాళి చేశాయి.

ఫలితం: థాచర్‌కి 314, మేయర్‌కి 33. పది రెట్ల తేడా, పరువు పోయినట్టే కదా? కానీ ఇంకో 24 ఓట్లు చెల్లలేదు, ముగ్గురు ఓటే వెయ్యలేదు. మొత్తం 374 మంది ఎంపీల్లో 60 మంది, అంటే నూటికి 16 మంది, రహస్యంగా అడిగితే తమ ప్రధానికి ఓటెయ్యలేదు. పైగా ఎదురుగా ఉన్నది ఎవరూ ప్రధానిగా ఊహించుకోలేని మనిషి. అలాంటివాడి మీదే 60 మంది జారిపోతే నిజంగా స్థాయి ఉన్నవాడు నిలబడితే ఏంటి పరిస్థితి అనే లెక్క ఆ రోజే చాలామంది బుర్రల్లో మొదలైంది.

ఏడాది తిరక్కుండానే, 1990 నవంబరులో, మాజీ మంత్రి మైఖేల్ హెసెల్టైన్ నిలబడ్డాడు. థాచర్‌కి 204, ఆయనకి 152. ఆమెకే ఎక్కువ వచ్చాయి, కానీ నిబంధన ప్రకారం మొదటి రౌండులోనే గెలవాలంటే మొత్తం 372 మందిలో 15 శాతం ఆధిక్యం ఉండాలి, అంటే 56 ఓట్లు. వచ్చిన ఆధిక్యం 52. ఇద్దరు ఎంపీలు అటు నుంచి ఇటు వచ్చుంటే సరిపోయేది. రెండు రోజుల తర్వాత ఆమె తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

మరి ఇదంతా చేసి మేయర్‌కి ఏం మిగిలింది? 1990లో ఆయన నియోజకవర్గం పార్టీవాళ్ళే ఆయన్ని మళ్ళీ అభ్యర్థిగా వద్దనుకున్నారు. హెసెల్టైన్‌కీ ప్రధాని పదవి దక్కలేదు, అది జాన్ మేజర్‌కి పోయింది. తలుపు తట్టినవాడు ఒకడు, లోపలికి వెళ్ళినవాడు ఇంకొకడు. ఈ వరస చాలాచోట్ల కనిపిస్తుంది.

అంకె ఎంత అన్నది కాదు, ఎంత వస్తుందనుకున్నారన్నది

1968లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీద సొంత డెమోక్రటిక్ పార్టీ సెనేటర్ యూజీన్ మెకార్తీ వియత్నాం యుద్ధం ఆపాలంటూ నిలబడ్డాడు. (యుద్ధం విషయంలో ఆయన్ని మితవాది అనలేం, కానీ మాట తీరులో అంతకన్నా నెమ్మదస్తుణ్ణి చూడలేం.) మార్చి 12న న్యూ హాంప్‌షైర్‌లో ఆయనకి సుమారు 42 శాతం వచ్చింది, జాన్సన్‌కి దాదాపు 50. జాన్సన్ గెలిచాడు. కానీ దేశం చదివింది మెకార్తీ అంకెనే. అదే నెల 31న జాన్సన్ టీవీలోకి వచ్చి ఇక పోటీ చెయ్యనని చెప్పేశాడు.

నాలుగేళ్ళకి రిపబ్లికన్ల వైపు పీట్ మెక్లోస్కీ అనే ఎంపీ అదే యుద్ధం విషయంలో నిక్సన్ మీద దిగాడు. కొరియా యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుడు, పార్టీలో ఉదారవాద వర్గం. న్యూ హాంప్‌షైర్‌లో దాదాపు 20 శాతం వచ్చింది. పార్టీ మహాసభలో లెక్క పెడితే నిక్సన్‌కి 1,347 ఓట్లు, మెక్లోస్కీకి ఒకే ఒక్కటి, న్యూ మెక్సికో నుంచి. నిక్సన్ ఆ ఏడాది 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. ఇక్కడ తిరుగుబాటు ఏమీ కదిలించలేదు, కనీసం అప్పటికి.

2020లో మసాచుసెట్స్ మాజీ గవర్నర్ బిల్ వెల్డ్ ట్రంప్ మీద నిలబడితే అదే న్యూ హాంప్‌షైర్‌లో 9 శాతం వచ్చింది. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. పదవిలో ఉన్న అధ్యక్షుడికి పదో వంతు సొంత ఓటు దూరమైందని ఒకరంటారు. చూశారా, పార్టీ మొత్తం ఆయన వెనకే ఉందని ఇంకొకరంటారు. నా మటుకు నాకు రెండో చదువే సబబుగా కనిపిస్తుంది, ఎందుకంటే పదికి తక్కువ వస్తుందని అందరూ ముందే అనుకున్నారు, అంతే వచ్చింది. ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఇక్కడే మితవాదులు తమకి తాము చెప్పుకోని ప్రమాదం ఉంది. లెక్క తేల్చడానికి దిగినవాడికి లెక్క తక్కువ తేలితే అది నాయకుడికే సర్టిఫికెట్ అవుతుంది. దిగకుండా ఉంటే "లోపల చాలామంది అసంతృప్తితో ఉన్నారట" అనే పుకారైనా మిగిలేది, దిగి 9 శాతం తెచ్చుకుంటే ఆ పుకారు కూడా చచ్చిపోతుంది.

పట్టాభి ఓడారు, ఆయన పక్షం గెలిచింది

మన వైపు ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి, అదీ కృష్ణా జిల్లా మనిషి కథే. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. పదవిలో ఉన్నది సుభాష్ చంద్రబోస్, రెండోసారి నిలబడ్డారు. ఆయన దూకుడు గాంధీ వర్గానికి నచ్చలేదు. మౌలానా ఆజాద్ పోటీ నుంచి తప్పుకోవడంతో మచిలీపట్నం డాక్టరుగారు, ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభిసీతారామయ్య బరిలో మిగిలారు. బోసుకి 1,580, పట్టాభికి 1,377. ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదే ఎక్కువని గాంధీ బాహాటంగా చెప్పారు.

ఇది తప్పకుండా ఓడిపోతామనుకుని దిగిన పోటీ కాదు, కాబట్టి మేయర్ పక్కన పెట్టి సరిపోల్చకూడదు. కానీ తర్వాత జరిగింది చూడండి. వర్కింగ్ కమిటీలో ఎక్కువమంది రాజీనామా చేశారు. మార్చిలో త్రిపురి మహాసభలో గాంధీ ఇష్టప్రకారమే కొత్త కమిటీని వెయ్యాలని తీర్మానం చేశారు. ఏప్రిల్ చివరికి బోసే రాజీనామా చేశారు. గెలిచినవాడు మూడు నెలలకి ఇంటికి వెళ్ళాడు, ఓడినాయన 1948లో అదే పదవికి ఎన్నికయ్యారు. ఓట్లు లెక్కపెట్టినంత మాత్రాన పని అయిపోదు, పార్టీ యంత్రాంగం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో లెక్క. మేయర్‌కి లేనిది పట్టాభి పక్షానికి ఉన్నది అదే.

గుంటూరు వైపు ఇంకో దారి కనిపిస్తుంది. నిడుబ్రోలు ఎన్.జి.రంగా 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడి, లోపల ఉండి పోరాడ్డం మానేసి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ. తిరిగి తిరిగి 1980 నాటికి కాంగ్రెస్ తరఫునే గుంటూరు ఎంపీ. మన దగ్గర అసమ్మతికి అలవాటైన బాట ఇదే: లోపల లెక్క తేలకపోతే బయటికి పోవడం, వీలైనప్పుడు తిరిగి రావడం.

"వీళ్ళే పార్టీని ముంచుతారు" అనేవాళ్ళ వాదన

దీన్ని కొట్టిపారెయ్యలేం. 1976లో ఫోర్డ్ మీద రీగన్, 1980లో కార్టర్ మీద ఎడ్వర్డ్ కెనెడీ, 1992లో సీనియర్ బుష్ మీద పాట్ బుకానన్ నిలబడ్డారు. మూడుసార్లూ అధ్యక్షుడు ప్రైమరీ గెలిచాడు, మూడుసార్లూ అసలు ఎన్నిక ఓడిపోయాడు. ఇంటి గుట్టు బయటపెట్టి, ఎదుటి పార్టీకి కావాల్సిన తిట్లన్నీ ముందే రాసిచ్చి, డబ్బూ టైమూ తినేశారని పార్టీ మనుషుల బాధ. ఆ ముగ్గురు పోటీదారులూ మితవాదులు కారు, ఇద్దరు కుడివైపు నుంచి, ఒకరు ఎడమవైపు నుంచి వచ్చారు, అయినా వాదన అందరికీ వర్తిస్తుంది.

ఎదురు వాదన: పోటీ వచ్చింది కాబట్టి నాయకుడు బలహీనపడలేదు, అప్పటికే బలహీనంగా ఉన్నాడు కాబట్టి పోటీ వచ్చింది. థర్మామీటర్ పెట్టినందుకు జ్వరం రాదు కదా. 1972లో నిక్సన్ మీద పోటీ ఉన్నా 49 రాష్ట్రాలు గెలవడం ఈ మాటకి బలం. రెండు వాదనల్లో ఏది ఎంత నిజమో తేల్చడం కష్టం, ఎందుకంటే బలమైన నాయకుడి మీద బలమైన పోటీ అనేది దాదాపు జరగదు, అందుకని పోల్చి చూడ్డానికి ఉదాహరణలే దొరకవు.

మూడో మాట కూడా ఉంది, పెద్దమనుషులు పైకి అనరు గానీ: ఇదంతా పేరు కోసం, టీవీ చర్చల్లో కుర్చీ కోసం అని. కొందరి విషయంలో అది నిజమే అయ్యుండొచ్చు. కానీ మేయర్‌కి సీటు పోయింది.

ఈ మూడు వాదనలూ ఒకే మనిషి మీద ఢీకొన్నది 2024లో. మినెసోటా ఎంపీ డీన్ ఫిలిప్స్, రెండు పార్టీలూ కలిసి పనిచెయ్యాలనే గుంపు మనిషి, బైడెన్ వయసు మీదపడిందని, ట్రంప్ చేతిలో ఓడిపోతాడని చెప్పి 2023 అక్టోబరు చివర్లో పోటీకి దిగాడు. న్యూ హాంప్‌షైర్‌లో బైడెన్ పేరు బ్యాలెట్ మీదే లేదు. ఓటర్లు చేత్తో రాసి మరీ ఆయనకి 60 శాతం పైగా ఇచ్చారు, ఫిలిప్స్‌కి 20 దాకా వచ్చింది. మార్చి 6న విరమించుకుని బైడెన్‌కే మద్దతు చెప్పాడు. జూన్ 27 డిబేట్‌లో బైడెన్ తడబడ్డాడు, జూలై 21న తప్పుకున్నాడు, నవంబరులో కమలా హారిస్ ఓడిపోయింది. ఫిలిప్స్ అప్పటికే ఎంపీగా కూడా మళ్ళీ నిలబడనని చెప్పేసి ఉన్నాడు.

ఫిలిప్స్ చెప్పిందే నిజమైంది కాబట్టి ఆయన పోటీ సరైనదే అని ఒక పక్షం. అసలు పెద్ద నాయకులెవరూ దిగకుండా చిన్నవాడు దిగడం వల్ల, ఆ 20 శాతం చూపించి "చూశారుగా, బైడెన్‌కి పోటీయే లేదు" అనుకునే వీలు పార్టీకి దొరికిందని ఇంకో పక్షం. నాకు రెండోదానిలో ఎక్కువ పస కనిపిస్తుంది, కానీ తప్పు ఫిలిప్స్‌ది అనను. ఇంట్లో కూర్చున్న గవర్నర్లది.

బ్యాలెట్ పెట్టెనే తీసేస్తే లెక్క ఎలా తేలుతుంది

పార్టీలకి ఇదంతా తెలుసు. అందుకే తేలికైన పద్ధతి: ఎన్నికే పెట్టకపోవడం. 2020లో ట్రంప్ కోసం సౌత్ కరోలినా, నెవాడా, అరిజోనా, కాన్సస్ లాంటి రాష్ట్రాల్లో రిపబ్లికన్ పార్టీ తన ప్రైమరీని లేదా కాకస్‌ని (ఓటర్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) రద్దు చేసేసింది. 2024లో ఫ్లోరిడా డెమోక్రటిక్ పార్టీ బైడెన్ పేరొక్కటే పంపింది, దాంతో అక్కడ ఆ పార్టీకి ఓటింగే లేకుండా పోయింది. రిపబ్లికన్లు చెప్పిన సాకు, ఎలాగూ గెలిచేది ఈయనే కదా, ఖర్చెందుకు అని.

ఈ మాట వింటే మనకి నవ్వొస్తుంది, ఎందుకంటే మన దగ్గర అసలు పెట్టే లేదు. 1995 నుంచి తెలుగుదేశం అధ్యక్షుడు చంద్రబాబు నాయుడే, మహానాడులో ఎన్నిక ఏకగ్రీవం. 2022 జూలైలో మన నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా జరిగిన ప్లీనరీలో వైఎస్సార్ కాంగ్రెస్ అయితే జగన్‌మోహన్ రెడ్డిని శాశ్వత అధ్యక్షుడిగానే ఎన్నుకుంది. పార్టీల్లో శాశ్వత పదవులు ప్రజాస్వామ్య విరుద్ధమని సెప్టెంబరులో ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది.

మన రాష్ట్రంలో నాయకుణ్ణి దించిన సంఘటనలు చూడండి, 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు, 1995 ఆగస్టులో చంద్రబాబు, ఇద్దరూ ఎన్టీ రామారావు మీదే. రెండింట్లోనూ ఎమ్మెల్యేల తలలు తమవైపు ఉన్నాయని ముందే లెక్కేసుకుని దిగారు. నాదెండ్ల లెక్క నెల రోజుల్లో తప్పింది, చంద్రబాబు లెక్క నిలిచింది. మనకి తెలిసిన తిరుగుబాటు క్యాంపు తిరుగుబాటు, గెలుస్తామనుకుంటేనే బస్సెక్కుతాం. ఓడిపోతామని తెలిసి నిలబడే మితవాదికి అందులో సీటు లేదు.

ఓటు రహస్యంగా ఉంటే మాత్రం మన దగ్గరా గొణుగుడు బయటపడుతుంది. రాజ్యసభ ఎన్నికల్లో ఎమ్మెల్యే తన ఓటు పార్టీ ఏజెంటుకి చూపించాలి, కానీ ఎమ్మెల్సీ ఎన్నికలో రహస్యమే. 2023 మార్చిలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో తెలుగుదేశానికి తగినంత బలం లేదనుకున్నా, విజయవాడ మాజీ మేయర్ పంచుమర్తి అనూరాధ 23 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ చేశారంటూ అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ తన నలుగురు ఎమ్మెల్యేలని సస్పెండ్ చేసింది, అందులో తాడికొండ ఎమ్మెల్యే ఉన్నారు. అది మితవాదమా, టికెట్ భయమా అన్నది వేరే చర్చ.

జాతీయ స్థాయిలో కాంగ్రెస్ మాత్రం అప్పుడప్పుడు నిజంగా ఓటింగ్ పెడుతుంది. 2000లో సోనియా గాంధీ మీద జితేంద్ర ప్రసాద నిలబడితే ఆమెకి 7,448, ఆయనకి 94. 2022 అక్టోబరులో మల్లికార్జున ఖర్గేకి 7,897, శశి థరూర్‌కి 1,072. ఖర్గే అప్పటికి పదవిలో లేరు, కానీ అధిష్ఠానం మనిషి అని అందరికీ తెలుసు. చెల్లిన ఓట్లలో థరూర్ వాటా దాదాపు 12 శాతం. ఏ రాష్ట్రంలో ఎవరు ఎటు వేశారో తెలియకుండా బ్యాలెట్లన్నీ కలిపేసి మరీ లెక్కపెట్టారు. ఒక శాతం పైచిలుకు నుంచి పన్నెండుకి రావడానికి ఆ జాగ్రత్త కూడా ఒక కారణం అనుకుంటాను. మరుసటి ఏడాది ఆగస్టులో థరూర్‌కి వర్కింగ్ కమిటీలో చోటిచ్చారు. మేయర్‌తో పోలిస్తే ఓటమికి మంచి ధరే.

ఇక గెలిచి సభలోకి వెళ్ళాక అసలే కుదరదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, విప్‌కి (ఇలా ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి) వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. మూడో వంతు మంది చీలితే ఉన్న మినహాయింపుని కూడా 2003లో 91వ సవరణ తీసేసింది. ఆయారాం గయారాంలని ఆపడానికి ఇది అవసరమని సమర్థించేవాళ్ళు చెప్తారు, మన రాష్ట్రంలో కండువాలు మారిన తీరు చూసినవాళ్ళకి ఆ మాట కాదనబుద్ధి కాదు. పార్టీ మారనివాడు, బిల్లు ఒక్కటి నచ్చక కాదన్నవాడు కూడా అదే వలలో పడుతున్నాడని విమర్శకులంటారు. ప్రభుత్వం పడిపోయే ఓటింగ్‌లకి, డబ్బు బిల్లులకి మాత్రమే విప్‌ని పరిమితం చెయ్యాలన్నది మధ్యేమార్గం. కాంగ్రెస్‌లో సంస్కరణలు కోరుతూ 2020లో లేఖ రాసిన జీ-23 నాయకుల్లో ఒకరైన మనీష్ తివారీ ఈ దిశగానే లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) ఒకటికన్నా ఎక్కువసార్లు పెట్టారు. మన పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లు చివరిసారి చట్టమైంది 1970లో, ఆ సంగతి ఆయనకీ తెలుసు.